కాంటా గంగాధర్ సార్ బ్లాగు

ఫోన్‌లో జాగా నిండిపోయిందని మొన్న ఆదివారం పొద్దున పాత వీడియోలు, ఫొటోలు ఒక్కొక్కటే తీసేస్తూ కూర్చున్నాను. వేలు ఎక్కడ తగిలిందో, ఉన్నట్టుండి ఫ్యాను తిరుగుతున్న చప్పుడు వినిపించింది. చుట్టు చుట్టుకూ కిర్రుమనే ఫ్యాను. మా ఇంట్లో అట్లాంటిది లేదు. ఆ కిర్రు వెనక ఒక దగ్గు, స్టీలు గ్లాసు కింద పెట్టిన చప్పుడు, ఆ తర్వాత గొంతు. "అ... అమ్మా సునీతా. ఇంకో కొత్తది వ... వచ్చిందంట గదా. మనం నోటితోని చెప్తే అదే బొమ్మ గీస్తదంట. గది ఎప్పుడు నేర్చుకుందాం?" లోపలి నుంచి ఒక ఆడమనిషి గొంతు, "ముందుగాల అన్నం తినుండ్రి, బొమ్మలు యాడికి పోవు" అంటున్నది. సార్ ఎప్పుడో పంపిన ఆ వాయిస్ మెసేజి అక్కడితో ఆగిపోయింది. గంగాధర్ సార్ పోయి ఏడాది దాటింది. ఆ రోజు ఇక ఫోన్‌లోంచి ఏదీ తీసేయలేకపోయాను.

ఆయన నాకు బడిలో చదువు చెప్పిన సార్ కాదు. బోధన్ చక్కెర ఫ్యాక్టరీలో కాంటా గుమాస్తా. చెరుకు బండ్లు, ట్రాక్టర్లు వచ్చి నిలబడితే తూకం చూసి రాసిచ్చే పని. సీజన్ మొదలైందంటే చుట్టుపక్కల చెరుకు పండించే ప్రతి రైతూ ఆయన కిటికీ ముందుకు రావలసిందే. అందుకే ఆయన అందరికీ కాంటా సార్. మనిషి సన్నగా, పొడుగ్గా, ఎప్పుడూ ఏదో వింటున్నట్టు తల కొంచెం పక్కకు వంచి ఉండేవారు. ఆయనకు నత్తి. పేరు అడిగితే "గ... గ..." దగ్గర ఆగిపోయి, ఎదుటివాడే "గంగాధరా?" అని పూర్తి చేసేదాకా నిలబడేవారు. అందువల్లనేమో, ముప్ఫై ఏళ్లు ఆ కిటికీ వెనక కూర్చుని తక్కువ మాట్లాడి ఎక్కువ విన్నారు. ఫ్యాక్టరీ మూతపడే రోజులు దగ్గరికొస్తున్నాయని తెలిసి, ముందే పని మానుకున్నారు. శక్కర్‌నగర్‌లో ఫ్యాక్టరీ ఇచ్చిన క్వార్టరు ఖాళీ చేసి, బోధన్‌లోనే ఓ రెండు గదుల ఇంట్లో చేరారు.

అప్పుడు మా అన్న బస్టాండు దగ్గర ఇంటర్నెట్ సెంటర్ నడిపేవాడు. డిగ్రీ అయిపోయి, వేరే పనేదీ దొరక్క, నేను అక్కడ కౌంటర్‌లో కూర్చునేదాన్ని. పరీక్షల రిజల్ట్స్ చూసుకునేవాళ్లు, దరఖాస్తులు నింపుకునేవాళ్లు తప్ప పెద్దవాళ్లు ఎవరూ వచ్చేవాళ్లు కాదు. ఒక రోజు మధ్యాహ్నం సార్ వచ్చి తలుపు దగ్గరే నిలబడ్డారు. "ఇం... ఇందుల తెలుగు వస్తదా అమ్మా?" అని అడిగారు. వస్తుందని చెప్పి కుర్చీ చూపించాను. ఒక వేలుతో ఒక్కో అక్షరం వెతికి కొడుతూ, మొదటి రోజు ఆయన రాసింది ఒకే ఒక్క వాక్యం: "నేను మాట్లాడుతున్న." దాన్ని చాలాసేపు చూశారు. తర్వాత నా వైపు తిరిగి, "ఎక్కడ ఆగలే సూసినవా" అన్నారు. ఆ మాట ఆయన నోటి నుంచి కూడా ఆగకుండానే వచ్చింది.

అట్లా మొదలైంది 'కాంటా కాడ' అనే బ్లాగు. బండ్ల వరసలో ఎదురుచూస్తూ రైతులు చెప్పుకున్న ముచ్చట్లు, బోధన్ సంతలో మరాఠీలో బేరం మొదలుపెట్టి తెలుగులో తిట్టుకుని ఉర్దూలో రాజీపడే ఎడ్ల బేరగాళ్లు, ఫ్యాక్టరీ సైరన్ కూతకు గడియారం సరిచేసుకునే గృహిణులు, ఇవన్నీ రాసేవారు. మొదట్లో కొన్నాళ్లు ఆయన చెప్తుంటే నేనే కొట్టేదాన్ని. నాకు తెలిసిన తెలుగు పుస్తకాల తెలుగు. ఆయన "సూసిన" అంటే "చూశాను" అని కొట్టేదాన్ని. రెండు మూడు సార్లు ఊరుకుని, ఒకరోజు తెర మీద వేలు పెట్టి ఆపారు. "గట్ల దిద్దకమ్మా. గిప్పుడే బండి దిగిన మనిషికి నువ్వు సూటు తొడిగినట్టున్నది. ఆయన మాట ఆయనకుండనీ." ఇంతకాలంగా నిజామాబాద్‌లో బట్టల దుకాణాలకు, పసుపు వ్యాపారులకు వాళ్ల పేజీలు రాసిపెట్టి నేను బతుకుతున్నానంటే ఆ మాట పుణ్యమే. జనం మాట్లాడినట్టు రాస్తుందని నన్ను వెతుక్కుంటూ వస్తారు.

కొత్తది ఏది వచ్చినా సార్ జంకేవారు కాదు. జంకేది నేనే. అప్పుడే ఒక పద్ధతి చేతికి అలవాటయిందనుకుంటే అది పాతబడిపోయేది. బ్లాగులు చదివేవాళ్లు ఒక్కొక్కరే తగ్గి అందరూ ఫేస్‌బుక్‌కు వెళ్లిపోయారు. "జనం యాడుంటే కాంటా ఆడ పెట్టాలె" అని సార్ కూడా అక్కడ పేజీ తెరిచారు. ఆ తర్వాత వాట్సాప్ గ్రూపులు వచ్చాయి. మా అన్న సెంటర్ మూసేశాడు. నేను పెళ్లయి నిజామాబాద్ వచ్చేశాను. సార్ ఏదైనా అడగాలంటే ఫోన్ చేసేవారు కాదు, ఫోన్‌లో నత్తి ఇంకా ఎక్కువయ్యేది. ఉదయం బస్సెక్కి మా ఇంటికి వచ్చేవారు. నోటితో చెప్తే అదే టైపు చేస్తుందని ఒకసారి ఫోన్‌లో చూపించాను. ఆయన ఉత్సాహంగా నోటి దగ్గర పెట్టుకుని, "చ... చ... చెరుకు బండి" అన్నారు. తెర మీద "చాచా చెరుకు బండి" అని పడింది. నేను తల దించుకున్నాను. సార్ మాత్రం కళ్లలో నీళ్లు వచ్చేదాకా నవ్వారు. "చాచా అంటున్నది! మిషనుకైనా మర్యాద తెలుసు" అన్నారు. ఆ తర్వాత మళ్లీ ఒక వేలుతోనే కొట్టుకున్నారు.

బ్లాగు బాగా నడిచిన రోజుల్లో ఆయన రాసిన వాటిల్లో అందరికీ నచ్చింది 'తుమ్మిన చెరుకు'. కొట్టింది నేనే. కొడుతూ కొడుతూ నవ్వాను. వర్ని దగ్గరి ఒక ఊరి నుంచి సాయన్న అనే రైతు బండి కట్టుకొచ్చాడు. తెల్లారగట్ల వరస కదిలి బండి కాంటా మీదికి ఎక్కింది. తూకం చూస్తుండగా చెరుకు మోపుల్లోంచి ఎవరో తుమ్మారు. మోపులు తీసి చూస్తే లోపల అయిదేళ్ల ఆడపిల్ల. బరువు ఎక్కువ రావడానికి సాయన్న కన్నకూతురినే చెరుకులో దాచిపెట్టాడని, తాను కిటికీలోంచి "దొంగా!" అని అరిచానని, కాంటా చుట్టూ ఉన్నవాళ్లంతా పడీ పడీ నవ్వారని సార్ రాశారు. ఊరు పేరు, మనిషి పేరు దాచలేదు. అప్పట్లో చదివేది ఎంతమంది గనుక? పాత క్వార్టర్ల వాళ్లు ఎక్కడెక్కడి నుంచో "మస్తుంది సార్" అని కామెంట్లు పెట్టారు. అంతటితో అది అడుగున పడిపోయింది.

పన్నెండేళ్లో ఇంకా ఎక్కువో గడిచాక, ఎవరో దాన్ని తవ్వి తీశారు. నవ్వు బొమ్మలు పెట్టే ఒక పేజీ వాళ్లు కథను నాలుగు ముక్కలకు కుదించి కార్టూన్ గీయించారు. దాన్ని చూసి ఇంకెవరో రీల్ చేశారు. తుమ్ము చప్పుడు ఒకటి పెట్టి, "సాయన్న చెరుకు సాయన్న" అంటూ గొంతు కలిపారు. వారం తిరిగేసరికి నా ఫోన్‌కు కూడా రెండు గ్రూపుల్లో వచ్చింది. సార్‌కు సంతోషంగా ఉంటుందేమోనని ఆయనకు చెప్పబోతుండగా, ఆయనే మా గుమ్మంలో ప్రత్యక్షమయ్యారు. చెప్పులు కూడా విప్పకుండా ఫోన్ నా చేతికిచ్చారు. పాత బ్లాగును రోజూ తెరిచి చూసేది లోకం మొత్తంలో ఆయన ఒక్కరే. అందులో, 'తుమ్మిన చెరుకు' కింద, కొత్త కామెంటు ఉంది. "ఆ పిల్లను నేనే. మా బాపు దొంగ కాదు. ఏం జరిగిందో మీకు తెల్వదు. నేను నిజామాబాద్ల నర్సు పని చేస్తున్న. మా హాస్పిటల్ల అందరి ఫోన్లల్ల మా బాపు పేరు తిరుగుతున్నది. ఊర్ల పోరగాండ్లు మా బాపు కనవడితే తుమ్ముతున్నరు."

నేను వెంటనే బ్లాగులో ఆ పోస్టు తీసేద్దామన్నాను. సార్ తల అడ్డంగా ఊపారు. "తీస్తే నాకు సుఖం. ఆ... ఆమెకేం సుఖం? ముందుగాల ఏం జరిగిందో తెలుసుకుందాం." పద్మ అన్న పేరుతో ఆ కామెంటు పెట్టిన ఆమెకు నేనే జవాబు రాశాను, నా నంబరు ఇచ్చి. ఆమె ఫోన్ చేసి ముందు గట్టిగానే మాట్లాడింది. సార్ మీ ఊరికి వచ్చి మీ బాపును కలుస్తానంటున్నారని చెప్తే గొంతు తగ్గించి, "రానీయండి. నేను కూడ వస్త" అన్నది.

ముగ్గురం వర్ని దాకా బస్సులో వెళ్లి, అక్కడ ఆటో మాట్లాడుకున్నాం. కాలువ పక్క వరి పొలాల మధ్య ఊరు. సాయన్న ఇంటి ముందర మంచం వాల్చుకుని కూర్చున్నాడు. తలకు రుమాలు, ఒక కన్నుకు ఆపరేషన్ అయిన నల్లద్దాలు. సార్‌ను గుర్తుపట్టి లేవబోయాడు. అన్నేళ్ల తర్వాత కూడా, తనను దొంగ అన్న మనిషి ముందు లేచి నిలబడబోయిన ఆ తీరు నేను మరిచిపోలేదు. సార్ ఆయన భుజం పట్టుకుని కూర్చోబెట్టి, పక్కనే కూర్చున్నారు. జరిగింది చెప్పమని పద్మే అడిగింది.

"ఏమున్నది సార్ చెప్పనీకి," అన్నాడు సాయన్న. "దీని అవ్వను, నా పెండ్లాన్ని, నిజామాబాద్ దవాఖానల చేర్చిండ్రు. నా తల్లి ఆమె తోడు పోయింది. ఇంట్ల ఇంకెవ్వరు లేరు. పిల్లకు జరం. చెరుకు కొట్టి రెండు దినాలైంది, ఇంక ఆపితే ఎండిపోతది. ఎవ్వలికాడ ఇడిసిపెడుదు? బండిల ఏసుకొనచ్చిన. సలి పెడ్తున్నదని మోపుల నడుమ జాగ చేసి గొంగడి కప్పిన. రాతిరంత ఏడ్సి ఏడ్సి, బండి కాంటా కాడికి వచ్చే యాళ్లకు కన్నంటుకున్నది. లేపబుద్ధి కాలే. గంతే."

సార్ ఏదో అనబోయారు. సాయన్నే మళ్లీ అన్నాడు. "కాంటా మీద మీరే ఉంటిరి గద సార్. అయిదేండ్ల పిల్ల, జరంతోని పుల్ల లెక్క అయింది. నా బిడ్డ బరువుతోని నాకు ఎంతొస్తది?"

"మ... మరి గప్పుడే ఎందుకు చెప్పలే, సాయన్నా?"

"మీరు దొంగ అన్నంక అందరు నవ్వవట్టిరి. నవ్వెటోళ్లకు ఏం చెప్తం సార్?" మరుసటి ఏడాది చెరుకు పెట్టలేదని, అప్పటి నుంచి వరేనని చెప్పాడు. కోపంగా చెప్పలేదు. వానలు ఎట్లా పడ్డాయో చెప్పినట్టు చెప్పాడు.

సార్ రెండు చేతులూ జోడించారు. 'తప్పయింది' అన్న మాట కోసం ఆయన పెదవులు ఎంతసేపు కొట్టుకున్నాయో! మామూలుగా అయితే ఎవరో ఒకరు ఆయన మాటను పూర్తి చేసేవాళ్లు. ఆ రోజు నేనూ చేయలేదు, పద్మా చేయలేదు. సాయన్న ఓపికగా చూస్తూ కూర్చున్నాడు. చివరికి మాట వచ్చింది. సాయన్న ఆ చేతులు పట్టుకుని కిందికి దించాడు. "నాకు చెప్తే ఏం ఫాయిద సార్? నేను దొంగను కానని నాకెరుకే. గా నవ్వెటోళ్లకు చెప్పుండ్రి."

తిరుగు బస్సులో సార్ కిటికీ వైపు తిరిగి కూర్చున్నారు. ఆ పాత పోస్టు మీదనే నిజం రాద్దాం, పేజీలో కూడా పెడదామని నేనన్నాను. "రాస్త," అన్నారు. "గని ఇప్పుడు సదివేటోళ్లెవరమ్మా? అందరు సూసేటోళ్లే. నవ్వింది వీ... వీడియో సూసి. వీడియోలనే చెప్పాలె." ఆయన మాటలు నేను చదువుతాను, మీ ఫొటో పెడదామన్నాను. ఆయన నా వైపు తిరిగారు. "సాయన్నను దొంగ అన్నది నా నోరు. నీ నోరు గాదు."

మరుసటి వారం బోధన్‌లో వాళ్లింటికి వెళ్లి, ముందు ఒకసారి ఉత్తగా రికార్డు చేశాను. ఆగిన చోట్లన్నీ కత్తిరించి, మాటలన్నీ జోడించి, నున్నగా తయారుచేసి చూపించాను. నాకది చాలా బాగా వచ్చిందనిపించింది. సార్ సాంతం చూసి, "మంచిగున్నది. గని గీయనెవరు?" అన్నారు. కత్తిరించడానికి వీల్లేని పద్ధతి ఏదైనా ఉందా అని అడిగారు. లైవ్ ఉందని, అందులో మాట వచ్చినట్టే పోతుందని, వెనక్కి తీసుకోలేమని చెప్పాను. ఆయన భార్య రాజమణమ్మ, నేను పెద్దమ్మా అని పిలిచే ఆమె, వంటింటి గడప దగ్గర నిలబడి వింటున్నది. "నవ్వుతరు మిమ్మల్ని," అన్నది. సార్ చొక్కా మార్చుకోవడానికి లోపలికి వెళ్లారు.

వరండాలో కుర్చీ వేసి, ఫోన్‌ను కిటికీ ఊచలకు ఆనించి పెట్టాను. మొదట పాత క్వార్టర్ల వాళ్లు, మా చుట్టాలు, ఆ తర్వాత నేను పేజీలు చూసే దుకాణాల వాళ్లు, ఆ తర్వాత ఎవరెవరో వచ్చి చేరారు. సార్ తన పేరుతో మొదలుపెట్టారు. "నా పేరు గ... గ..." దగ్గరే చాలాసేపు ఆగిపోయారు. కింద కామెంట్లు పరుగెడుతున్నాయి. "నెట్ స్లోనా సార్?" అని ఒకరు. నవ్వు బొమ్మలు వరసగా. ఎవరో ఒకాయన మాత్రం, "ఆగుండ్రి, పెద్దమనిషిని చెప్పనీయుండ్రి" అని రాశారు. సార్ వాటిని చూడలేదు. కళ్లద్దాలు తీసి పక్కన పెట్టుకున్నారు, చూసినా కనపడవు. జ్వరం వచ్చిన పిల్ల గురించి చెప్పారు, దవాఖానలో ఉన్న తల్లి గురించి, గొంగడి గురించి చెప్పారు. చివర ఆయన అన్న మాటలు నాకు ఇప్పటికీ చెవిలో ఉన్నాయి. "నాకు చిన్నప్పటి సంది న... నత్తి. కోపమొస్తే మాత్రం రాదు. ఆ పొద్దు 'దొంగా' అన్న మాట గడగడ వచ్చింది. ఎక్కడ ఆగలే. ఇయ్యాల త... త... తప్పయింది అనెతందుకు గింత సేపు పడుతున్నది. సాయన్న దొంగ కాదు. నేను పిల్లను సూసిన, జరం సూడలే. సూడకుంట రాసిన."

ఆ వీడియోను చూసినవాళ్లు, తుమ్ము రీల్‌ను చూసినవాళ్లలో ఏ మూలకూ రారు. సార్ నా చేత నవ్వు బొమ్మల పేజీల వాళ్లందరికీ మర్యాదగా సందేశాలు పెట్టించారు. కొందరు తీసేశారు, కొందరు పలకలేదు. ఒక కుర్రాడైతే సార్ లైవ్‌లోంచే నత్తి ముక్కలన్నీ ఏరి, వాటికి డప్పు కలిపి కొత్త రీల్ చేశాడు. దాన్ని ఆయనకు చూపించాలా వద్దా అని నేను తటపటాయిస్తుంటే, అప్పటికే చూశానని చెప్పి నవ్వారు. "నత్తి నాకు పాతదే. వాళ్లకే కొత్త" అన్నారు. ఆయనను అది ఏమాత్రం బాధించలేదని, అట్లాంటి మనసు అందరికీ రాదని నాకు ఎంతో గర్వంగా అనిపించింది.

పద్మ తన తండ్రికి ఆ లైవ్ రెండుసార్లు చూపించిందట. రెండోసారి చూసి, "కాంటా సార్ ముసలోడయిండు" అన్నాడట. తర్వాత, "మల్ల ఒకపారి రమ్మను. చాయ్ తాగి పోతడు" అన్నాడట. ఊళ్లో తుమ్ములు ఒక్కరోజులో ఆగలేదు కానీ, సార్ ఆ ఇంటి ముందర మంచం మీద కూర్చుని చాయ్ తాగుతుండడం ఊరంతా చూశాక, ఆగాయి. ఆ తర్వాత కూడా ఆయన చాలాసార్లు వెళ్లారు. వాళ్లిద్దరూ ఏం మాట్లాడుకునేవారని అడిగితే పద్మ, "ఏం లేదు. ఊకె కూసుంటరు" అనేది.

అప్పటి నుంచి సార్‌కు ఒక కొత్త పని పట్టుకుంది. బ్లాగులో తాను పేరుపెట్టి రాసిన ప్రతి మనిషి దగ్గరికీ, వాళ్లు లేకపోతే వాళ్ల పిల్లల దగ్గరికీ వెళ్లి, రాసింది చదివి వినిపించడం. ఆయన చదవలేని చోట నేను చదివేదాన్ని. మాక్లూర్‌లో ఒక ముసలమ్మ విని, తన మొగుడు అంత మంచివాడేమీ కాదని కొట్టిపారేసింది. బోధన్‌లో ఒక ఫిట్టర్ కొడుకు తన అబ్బా ఫొటో తెచ్చి ఇచ్చి, ఇది కూడా పెట్టమన్నాడు. ఒకాయన మమ్మల్ని వాకిట్లోకి కూడా రానీయలేదు. ఆయన మీద రాసింది సార్ ఆ సాయంత్రమే తీసేశారు. మిగిలినవాటిలో తాను రాసింది అట్లాగే ఉంచి, దాని కింద "వాళ్లు చెప్పింది" అని కలిపేవారు. అట్లా తిరుగుతూ తిరుగుతూనే ఉండగా, పోయిన వానాకాలం ముందటి వానాకాలంలో, నాలుగు రోజుల జ్వరంతో పోయారు. చివరి చూపుకు సాయన్నను పద్మ చెయ్యి పట్టుకుని తీసుకొచ్చింది.

ఈ నాలుగు మాటలు రాయడం అయ్యాక, నా పేజీలో పెట్టేముందు నిన్న బోధన్ వెళ్లాను. ఎవరి గురించి రాసినా వాళ్లకో, వాళ్ల వాళ్లకో చదివి వినిపించకుండా బయట పెట్టడం ఇప్పుడు నాకు చేతకాదు. రాజమణమ్మ బియ్యం ఏరుతూ విన్నది. చాచా చెరుకు దగ్గర నవ్వింది. సాయన్న ఇంటి దగ్గర చేటను పక్కన పెట్టేసింది. డప్పు రీల్ దగ్గరికి వచ్చేసరికి, "ఆగు" అని చెయ్యెత్తింది.

"నవ్విండని రాసినవా?"

"అవును పెద్దమ్మా. నా ముందర నవ్వారు గదా."

"నీ ముందర నవ్విండు. గది సూసిన దినం అన్నం ముట్టలే. అర్రల పోయి తలుపేసుకున్నడు. ఏడ్సిండు బిడ్డా. చిన్న పిలగాని లెక్క ఏడ్సిండు. బడిల కూడ గట్లనే చేసెటోళ్లంట. నేను తలుపు బయట కూసున్న. తెల్లారి లేసి తానం చేసి, సాయన్న ఊరికి పోయొస్త అని బస్సెక్కిండు. ఏడ్సిండని రాయి. మల్ల పోయిండని గూడ రాయి."

పైన నేను రాసిన నవ్వును కొట్టివేయలేదు. నేను చూసింది అదే. ఆమె చూసింది ఇక్కడ రాసి, అక్కడే కూర్చుని మళ్లీ మొదటి నుంచి చదివి వినిపించాను. రాజమణమ్మ చేట ఒడిలోకి తీసుకుని, గింజల మీదికి వంగి, "ఆ," అన్నది. "గిప్పుడు మీ సార్ లెక్క ఉన్నడు."